కింది అరలో నీలం కప్పు

ఏప్రిల్ నెల ఎండని నమ్మకూడదని పెయిప్సి సరస్సు ఒడ్డున పుట్టిన ఎవరికైనా తెలుసు. ఫెన్యాకీ తెలుసు. తెలిసే నమ్మింది. నిన్న మధ్యాహ్నం స్వెట్టర్ విప్పి పక్కన పడేసేంత ఎండ కాసింది కదా అని, పెరట్లో ఉల్లి మళ్లన్నీ ఎత్తుగా కట్టి, అంచులు పారతో నున్నగా చరిచి, తన పనితనానికి తనే మురిసిపోయి పడుకుంది. పొద్దున్న లేచి కిటికీ తీస్తే పెరడంతా తెల్లగా మంచు.

దాన్ని సహించింది. కానీ ఆ మంచులో ఎవడో పెద్ద పెద్ద బూట్లతో గేటు దగ్గర్నించి నేరుగా గుమ్మం కేసి నడిచొస్తున్నాడు. దారి పక్కన ఉంది. అతను మాత్రం మళ్ల మీద ఉన్నాడు.

"ఆగండి! అక్కడే ఆగిపోండి!" ఫెన్యా కిటికీలోంచి కేకేసింది.

అతను ఠక్కున ఆగాడు. భుజాన సంచి, టోపీ నిండా మంచు, చలికి ఎర్రబడిన ముక్కు. "నేనండీ, పొయ్యి మేస్త్రీని. తానెల్. ఉలీతాగారు ఫోన్ చేశారు, పొయ్యి పొగ చిమ్ముతోందని."

"పొయ్యి సంగతి తర్వాత. మీరు ఎక్కడ నిలబడ్డారో తెలుసా?"

"మంచులో."

"మంచు కింద?"

అతను బూటుతో అటూ ఇటూ నొక్కి చూశాడు. "మెత్తగా ఉందండీ."

"ఎందుకుండదు! నడుం విరిగేలా కట్టాను ఆ మళ్లు!"

తానెల్ వెనక్కి చూసుకున్నాడు. వరసగా అతని అడుగులు. ముందుకి చూశాడు. ఇంకా బోలెడు మళ్లు. "ఇప్పుడు నన్ను ముందుకి రమ్మంటారా, వెనక్కి పొమ్మంటారా? ఎటెళ్లినా తొక్కాల్సిందే."

"ఎగిరి రండి!"

వెటకారంగా అన్న మాట అది. ఆ అమాయకుడు నిజంగానే ఎగిరాడు. సంచితో సహా పక్క మడిలో బోర్లాపడ్డాడు. లేచేసరికి గడ్డం దాకా మట్టి. ఫెన్యాకి కోపం ఒక పక్క, నవ్వు ఒక పక్క. నవ్వే గెలిచింది. కిటికీ మూసేసి, నవ్వంతా అయ్యాక మొహం గంటు పెట్టుకుని వెళ్లి తలుపు తీసింది. ఈలోపు ఎండ కూడా వచ్చేసింది. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

నాయనమ్మ ఉలీతా పొయ్యి పక్కనే నిలబడి ఉంది. నల్ల గుడ్డ గడ్డం కింద బిగించి కట్టుకుని, చేతులు కట్టుకుని. ఆ ఇంట్లో పొయ్యి అంటే వంటకి మాత్రమే కాదు. ఇల్లంతా వెచ్చబెట్టే గోడంత ఇటుక పొయ్యి. దాని మీద అటకలో బుట్టల నిండా విత్తన ఉల్లి. ఆమె అత్తగారి అత్తగారి నాటి నుంచి ఆ ఇంటి కోడళ్ల చేతుల్లోంచి వస్తున్న విత్తనం. చలికాలమంతా ఆ బుట్టలు వెచ్చగా, పొడిగా ఉండాలి. నాటేలోపు చలి తగిలిందంటే గడ్డ ఊరదు, మొక్క పూతకి పోతుంది. బయట చూస్తే ఒక పూట ఎండ, ఒక పూట మంచు. నాటడానికి లేదు. లోపల చూస్తే పొయ్యి చీలి పొగ కక్కుతోంది.

"ఎన్నాళ్లు పడుతుంది అబ్బాయ్?" అంది ఉలీతా.

తానెల్ ఇటుకల మీద చెవి పెట్టి, వేళ్లతో తట్టి, లోపలికి సగం దూరి మసి మొహంతో బయటికొచ్చాడు. "లోపలి గోడ మొత్తం విప్పి కట్టాలి బామ్మగారూ. కట్టడం తొందరగానే అయిపోతుంది. బంకమట్టి ఆరడమే... ఈ వాతావరణంలో చెప్పలేం."

చెప్పి దగ్గాడు. మసి గొంతుకి అడ్డం పడింది. దగ్గీ దగ్గీ కళ్లమ్మట నీళ్లు కారుతుంటే, ఎదురుగా గోడకి కొక్కేనికి వేలాడుతున్న నీలం కప్పు లాగి, బిందెలో ముంచి, గటగటా తాగేశాడు.

ఉలీతా కట్టుకున్న చేతులు విప్పింది.

ఆ ఊళ్లో వాళ్లంతా పాత ఆచారం పాటించే క్రైస్తవులు. ఆ ఆచారం లేని బయటివాళ్లు వస్తే టీ పోస్తారు, రొట్టె పెడతారు, మర్యాదకి లోటు చెయ్యరు. కానీ వాళ్ల కప్పులు, పళ్లేలు వేరు. అవి కింది అరలో ఉంటాయి. ఇంటివాళ్లవి పై అరలో, కొక్కేలకి ఉంటాయి. రెండూ కలవవు. తానెల్ తీసింది పై కప్పు. అందులోనూ బంగారు అంచున్న నీలం కప్పు. చనిపోయిన తాతయ్య యెవ్‌స్తఫీది. ఆయన పోయాక దాన్ని ఎవరూ పెదవికి తాకించలేదు.

తానెల్ ఇద్దరి మొహాలూ చూశాడు. చేతిలో కప్పు చూశాడు. పక్క ఊరివాడే, ఈ ఆచారం ఎరగనివాడు కాదు. నాలుక కరుచుకున్నాడు. "అయ్యో... బామ్మగారూ, చూసుకోలేదు. కొత్తది కొనిస్తాను. అచ్చం ఇలాంటిదే వెతికి తెస్తాను."

"దాంతో తాగిన మనిషిని కూడా కొనుక్కొస్తావా?" అంది ఉలీతా.

అరవలేదు. అదే భయంగా ఉంది. బిందె ఎత్తుకెళ్లి నీళ్లన్నీ పెరట్లో పారబోసింది. తిరిగొచ్చి కప్పు అందుకుని కడిగింది, తుడిచింది, చాలాసేపు పట్టుకుని నిలబడింది. మళ్లీ కొక్కేనికి తగిలించదు. పగలగొట్టడానికి చెయ్యి రాదు. చివరికి వంగి కింది అరలో పెట్టింది.

"ఇక ఇది నీదే. ఇక్కడున్నన్నాళ్లూ దీంతోనే తాగు. ఊరికే పడుంటే నాకింకా బాధ."

ఖాళీ కొక్కెం వైపు చూసినప్పుడల్లా తానెల్ మొహం వాడిపోయేది. మాటిమాటికీ తలవంచుకుని, పొయ్యి లోపలికి దూరిపోయేవాడు. ఫెన్యాకి అతని మీద జాలేసింది. జాలితోనే మొదలైంది. ఎక్కడ ముగిసిందో తనకీ తెలియలేదు.

పొయ్యి విప్పేశాక ఉల్లి బుట్టలకి వెచ్చదనం ఎక్కణ్ణించి తేవాలి? కొన్నిటిని ఉలీతా తన దుప్పట్లో పెట్టుకుని పసిపిల్లల్లా పక్కలో పడుకోబెట్టుకుంది. మిగతావి ఏం చెయ్యాలో తోచక ఫెన్యా కూలబడితే, తానెల్ అన్నాడు: "నా వ్యాన్లో హీటర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది."

"హీటరుందని ఉల్లిపాయల్ని షికారు తిప్పుతారా?"

"తిప్పక్కర్లేదు. కూర్చోబెడితే చాలు. కానీ వాటికి తోడుగా ఎవరైనా ఉండాలి కదా."

అలా ఇద్దరూ వ్యాన్లో చేరారు. వెనకంతా బుట్టలు, ఒళ్లో చెరో బుట్ట. బయట వాన మొదలైంది. వాన కాస్తా వడగళ్లయింది. వ్యాన్ పైకప్పు మీద ఒకటే మోత. అద్దాలన్నీ ఆవిరి పట్టి, లోకంలో ఇంకెవరూ లేనట్టుంది. ఉల్లి వాసనకి ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు.

"ఏడుస్తున్నారా?" అన్నాడు తానెల్.

"మీరో?"

"నేనా? నా బతుకు తలుచుకుని. ఒక అమ్మాయితో మొదటిసారి వ్యాన్లో కూర్చుంటే ఇదా వాసన?"

"మొదటిసారా? ఊళ్లూళ్లూ తిరిగే మేస్త్రీగారికి?"

"ఊళ్లన్నీ తిరిగి పొయ్యిల్లో తల పెట్టేవాణ్ణి. నా మొహం ఎలా ఉంటుందో మసి కడిగితే గానీ నాకే తెలియదు."

ఫెన్యా చేతిరుమాలు తీసి ఇచ్చింది. అతను తుడుచుకున్నాడు. మసి ఇంకా విశాలంగా పరుచుకుంది. ఆమె ఇక ఉండబట్టలేక రుమాలు లాక్కుని తనే తుడిచింది. తుడుస్తుంటే అతను నవ్వడం మానేశాడు. ఆమె చెయ్యి కాస్త నెమ్మదించింది. వడగళ్లు ఆగిపోయాయని ఇద్దరూ గమనించలేదు.

"ఇంకా మీరు మీరు అనాలా?" అన్నాడు మెల్లగా. "ఇంత ఉల్లి వాసన కలిసి పీల్చాక?"

"నువ్వే చెప్పు," అంది ఫెన్యా. అని, తను ఏమందో అర్థమై బుట్టలోకి తలదించేసుకుంది.

టక్ టక్ మని అద్దం మోగింది. బయట ఎండలో ఉలీతా. చేతిలో చేప కూరిన రొట్టె, రెండు ముక్కలు. ఒకటి పై అర పళ్లెంలో, ఒకటి కింది అర పళ్లెంలో. నీలం కప్పులో టీ. ఆమె ఇచ్చేసి వెళ్లిపోయింది. ఫెన్యా ఆ రెండు పళ్లేల కేసి చూస్తూ ఉండిపోయింది. రొట్టె ముట్టుకోలేదు.

"ఏమైంది?" అన్నాడు తానెల్.

చెప్పింది. మేనత్త అన్ఫీసా సంగతి. బయటి అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. పండక్కి ఇద్దరూ వచ్చేవాళ్లు. అందరూ ఒక బల్ల దగ్గర, అల్లుడొక్కడే పొయ్యి పక్కన స్టూల్ మీద, కింది అర పళ్లెంతో. అతను నవ్వుతూనే తినేవాడు. అత్తయ్యకి మాత్రం ముద్ద దిగేది కాదు. ఒక ఏడాది పండక్కి రాలేదు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ రాలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"నాకు నాయనమ్మ తప్ప ఇక్కడెవరూ లేరు," అంది ఫెన్యా. "అమ్మానాన్నా ఫిన్లాండ్‌లో ఉంటే నన్ను పెంచింది ఆవిడే. ఆవిణ్ణి వదిలి అత్తయ్యలా వెళ్లిపోలేను. మరి ఇంకొకర్ని తీసుకొచ్చి ఆ స్టూల్ మీద కూర్చోబెట్టనూ లేను."

తానెల్ నీలం కప్పులో టీ చివరిదాకా తాగాడు. తర్వాత అన్నాడు: "నాకు స్టూల్ అలవాటే."

"నాకు అలవాటు కాదు," అంది ఫెన్యా.

పొయ్యి కట్టడం అయిపోయింది. బంకమట్టి మాత్రం ఆరలేదు. పొద్దున్నే తానెల్ వేలితో నొక్కి చూడటం, "ఇంకా పచ్చిగానే ఉంది బామ్మగారూ, ఈ చెమ్మగాలి ఆరనివ్వడం లేదు" అనడం. ఉలీతా ఆకాశాన్ని నాలుగు తిట్లు తిట్టడం. ఎండ వస్తే "ఇవాళ ఆరుతుంది" అనుకునేవాళ్లు, మధ్యాహ్నానికి పొగమంచు దిగేది. ఫెన్యా పైకి విసుక్కునేది. లోపల మాత్రం ప్రతి మబ్బుకీ మనసులోనే దణ్ణం పెట్టుకునేది.

ఎంత దణ్ణం పెట్టినా మట్టి ఆరే రోజు రానే వచ్చింది. సన్నగా మంట వేశారు. చిటికెడు పొగ లేదు. బుట్టలు మళ్లీ అటకెక్కాయి. తానెల్ సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మళ్లీ రమ్మంటావా?" అన్నాడు, ఫెన్యాకి మాత్రమే వినబడేలా.

ఆమె ఖాళీ కొక్కెం కేసి చూసింది. కింది అర కేసి చూసింది. మనసు రాయి చేసుకుంది.

"పొయ్యి బాగా కట్టారు. ఇక పాడవదు కదా. మళ్లీ రావాల్సిన పనేముంటుంది మీకు?"

మీకు. ఆ ఒక్క మాటతో అతని మొహంలో దీపం ఆరినట్టయింది. తలూపి, మళ్లు తొక్కకుండా దారమ్మటే జాగ్రత్తగా నడిచి వెళ్లిపోయాడు. వ్యాన్ కదిలిన చప్పుడు వినబడింది. ఫెన్యా కళ్లు తుడుచుకుంటుంటే ఉలీతా చూసింది.

"ఉల్లి ఘాటు," అంది ఫెన్యా.

"ఇంట్లో ఎవరూ ఉల్లి కొయ్యలేదు," అంది ఉలీతా.

అప్పుడు గాలి తిరిగింది. పొద్దుట్నించీ ఒడ్డు మీంచి సరస్సు వైపు వీస్తున్న గాలి ఉన్నట్టుండి తూర్పుగాలిగా మారి, సరస్సు మీంచి ఊరి వైపు కొట్టడం మొదలెట్టింది. సరస్సు నిండా విరిగి తేలుతున్న మంచు పలకలు. దూరంగా గాజులు నలుగుతున్నట్టు సన్నని చప్పుడు. ఉలీతా చెవులు రిక్కించింది. ఆ చప్పుడు ఏమిటో ఆమెకి తెలుసు.

ఇంతలో రోడ్డు మీంచి ఆగకుండా హారన్. తానెల్ వ్యాన్ వెనక్కి దూసుకొస్తోంది.

"మంచు ఒడ్డెక్కుతోంది!" దిగుతూనే అరిచాడు. "బామ్మగారూ, బయటికి రండి! ఫెన్యా, బుట్టలు!"

పెరటి చివర, కంచెకి అవతల, సరస్సు ఒడ్డున మంచు లేస్తోంది. ఒక పలక మీద ఇంకొక పలక ఎక్కి, విరిగి, దాని మీద మరొకటి. ఆగకుండా, తొందరపడకుండా, పాకుతూ వస్తోంది. కంచె కర్రలు పుటుక్కుమన్నాయి. కంచె పక్కనున్న స్నానాల గది గోడ ఒరిగింది.

ఫెన్యా బుట్టలు వ్యాన్లోకి చేరేసింది. ఉలీతా దేవుడి పటాలు గుండెకి హత్తుకుని గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది. "కప్పులు! పళ్లేలు!"

తానెల్ అరల ముందే నిలబడి ఉన్నాడు. కింది అర ఖాళీ చేసి బుట్టలో పెట్టేశాడు. పై అర దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని ఆగిపోయాడు.

"ఇవి తాకొచ్చా బామ్మగారూ?"

కంచె విరిగి పడుతోంది, ఇల్లు అదురుతోంది, ఆ అబ్బాయి అనుమతి అడుగుతున్నాడు. ఉలీతా ఒక్క క్షణం అతన్ని కొత్తగా చూసింది.

"నువ్వు అడుగుతూ కూర్చుంటే సరస్సు అడక్కుండా పట్టుకుపోతుంది. తియ్యి నాయనా!"

అప్పుడు కూడా అతను కోటు చేతులు వేళ్ల మీదకి లాక్కుని, ఒక్కొక్క కప్పూ గుడ్డతోనే పట్టుకుని తీశాడు. అన్నీ ఆ బుట్టలోకే చేరాయి. వేరే బుట్ట వెతికే వ్యవధి లేదు.

రోడ్డు అవతల నిలబడి చూశారు ముగ్గురూ. మంచుదిబ్బ స్నానాల గదిని నలిపేసింది. మొదటి మడి ఎక్కింది. అక్కడ, ఎందుకో గాలికే తెలియాలి, ఆగిపోయింది. గాలి పడిపోయింది. దిబ్బ మీద ఎండ పడి మెరిసింది. ఇల్లు నిలబడే ఉంది. పొయ్యి గొట్టంలోంచి సన్నగా పొగ పోతోంది.

ఉలీతా శిలువ గుర్తు వేసుకుని వ్యాన్లో కూర్చుంది. ఫెన్యా వ్యాన్‌కి ఆనుకుని నిలబడింది.

"ఎందుకు తిరిగొచ్చావు?" అంది.

"నువ్వు 'మీరు' అన్నావు కదా. దాని గురించి గొడవ పడదామని."

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. అతను కంగారుపడిపోయాడు. "నేనో నిజం చెప్పనా? తిట్టకు. మట్టి ఎప్పుడో ఆరిపోయింది. నేనే పచ్చిగా ఉందన్నాను."

ఫెన్యా ఏడుపు ఆపి నోరు వెళ్లబెట్టింది. "ఎప్పుడో ఆరిందా? ఎలా ఆరుతుంది? చెమ్మ రావాలని రోజూ నేను కిటికీ తెరిచి పెట్టేదాన్ని!"

"నువ్వా?"

"పాపం ఏప్రిల్! తిట్లన్నీ అది తింది!"

"కిటికీ రోజూ నేను మూసేదాన్ని," వ్యాన్లోంచి ఉలీతా గొంతు వినబడింది. "ముసలిదాన్నే గానీ గుడ్డిదాన్ని కాదు. చలికి చస్తున్నా. లోపలికొచ్చి తలుపెయ్యండి."

ఇద్దరూ దొంగల్లా వచ్చి కూర్చున్నారు. ఉలీతా ఫ్లాస్కు మూత తీసింది. బుట్టలో చెయ్యి పెట్టి వెతికింది. పై అరవి, కింది అరవి అన్నీ కలగాపులగం అయ్యాయి. అయినా ఏది ఏదో ఆమెకి తెలుసు. వెతికి వెతికి నీలం కప్పు తీసింది.

తానెల్‌కి పోస్తుందనుకుంది ఫెన్యా. కప్పు నింపి, ఉలీతా తనే పెదవుల దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుని ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. తర్వాత అదే కప్పు తానెల్‌కి అందించింది.

"వేడిగా ఉంది. ఊదుకుని తాగు."

అతను కప్పు అందుకుని అలాగే పట్టుకున్నాడు. "బామ్మగారూ, మీరు దీంతో..."

"దేవుడితో లెక్క నేను చూసుకుంటాను. మధ్యలో నువ్వెవడివి?" అని కసిరింది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "మా ఆయన బతికుంటే నిన్ను బల్ల దగ్గరే కూర్చోబెట్టేవాడు. అల్లుడు వచ్చినప్పుడూ ఆయన అదే అన్నాడు. నేనే వినలేదు."

ఫెన్యా నాయనమ్మ భుజం మీద తల పెట్టేసింది. ఆమె గుడ్డలోంచి పొగ వాసన, ఉల్లి వాసన. చిన్నప్పట్నించీ తనని నిద్రపుచ్చిన వాసన. థాంక్స్ చెబుదామనుకుంది. చెప్పక్కర్లేదన్నట్టు ఉలీతా ఆమె చెంప తట్టింది.

మర్నాడు తానెల్ దిబ్బ మిగిల్చిన మళ్లు మళ్లీ కడుతుంటే ఉలీతా సుత్తి తెచ్చి చేతికిచ్చింది. "లోపలికి రా. గోడకి ఇంకో కొక్కెం కొట్టు."

"నీలం కప్పుకి కొక్కెం ఉందిగా బామ్మగారూ?"

"అది నీది. ఇది ఇంకొకరికి."

కొక్కెం బిగిసింది. ఉలీతా దాన్ని లాగి చూసుకుంది. తర్వాత ఫోన్ ఫెన్యా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి బల్ల మీద లేని దుమ్ము తుడవడం మొదలెట్టింది.

"మీ అత్తయ్యకి చెయ్యి. పండక్కి ఇద్దర్నీ రమ్మను. ఇంకో మాట అడుగు... ఆ అబ్బాయి టీలో పంచదార వేసుకుంటాడో లేదో. అన్నేళ్లు మనింటికి వచ్చాడు, ఎలా తాగుతాడో నేనెప్పుడూ చూడలేదు."

బయట ఎండ పోయి మళ్లీ వాన మొదలైంది. ఫెన్యా నంబరు నొక్కింది.